బుధవారం పిన్ని వస్తోంది

కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో గీతలు గీస్తున్నాను.
ఒక రోజు. అయిదు మొక్కులు. ఒక పిన్ని.
పిన్నికి మోకాళ్ళు రెండు, రెండూ మాట వినవు.

గురువారం వద్దని ముందే చెప్పేశాను.
బురుజుపేట సందులో పసుపునీళ్ళకి జారితే
ఆ వరసలో ఎవరు లేపుతారు?
శనివారం అప్పన్న కొండకి
బస్సు దర్శనమే దొరకదు.
బుధవారమైతే ల్యాబులో నా బదులు శశిరేఖ ఉంటానంది.

"విశాఖ దాకా రాకు పిన్నీ,
సింహాచలం స్టేషన్లోనే దిగిపో.
ప్లాట్‌ఫారం మీద నేనుంటాను, కదలకు."
"అలగే. రాసుకో గుంటా" అంది తవిటమ్మ పిన్ని,
పప్పూ ఉప్పూ చెప్పినట్టు.

అప్పన్నకి తలనీలాలు.
"ఎవరివి?"
"నావే. ఇంకెవులివి?"
కప్పస్తంభాన్ని వాటేసుకోవాలట కూడా.
కోరిక తీరిందన్నావుగా, మళ్ళీ స్తంభమెందుకు
అని అడగబోయి ఊరుకున్నాను.
రాశాను: కొండ దిగేసరికి తొమ్మిదిన్నర.
తలకి కట్టుకోడానికి తువ్వాలు.

సంపత్ వినాయకుడికి మూడు కొబ్బరికాయలు.
కొత్త కార్లు నిమ్మకాయలు తొక్కుకుంటూ పోయే ఆ రోడ్డులో
బండి లేని మనిషికేం పని?
"నడిసే కాళ్ళు బండి కాదేటే?"

ఎరుకుమాంబకి బిందెడు నీళ్ళు.
తన తల తన పాదాల దగ్గరే పెట్టుకున్న తల్లికి
మెడ మీంచి పోయాలి.
దొండపర్తి. ఆటో బేరం ఎనభై, వంద అంటాడు.
బిందె నాదే, స్టీలుది, మూత పోయింది.

కనకమహాలక్ష్మి పేరుకి పిన్ని గొంతు తేలికపడింది.
"ఆయమ్మకాడ ఎవుల్నీ అడగక్కర్నేదు,
మన సేత్తోనే కుంకం ఎట్టొచ్చు."
పైకప్పు లేదు, ఎక్కడానికి మెట్లూ లేవు.
ఒక్క ఆ పేరు పక్కనే టిక్కు పెట్టాను.

అయిదోది చెప్పింది: దర్గా కొండ.
పెన్సిల్ ఆగింది.
"అది గుడి కాదు పిన్నీ."
"తెల్సు. అగరొత్తులు సాలు, జైబున్ సెప్పింది."
"జైబున్ ఎవరు?"

అవతల ఎవరో గేదెని అదిలిస్తున్నారు.
కుక్కర్ కూసింది ఇవతల, నాలుగోసారి.

"పక్క మంచం పిల్లోడి తల్లి.
నువ్వు కేజీహెచ్‌లో ఉన్నావు గదా పదకొండ్రోజులు.
మీయమ్మ పురిట్లో ఉంది, నాను గదా ఉన్నాను.
రాత్రి మెట్ల మీద కూకుంటే
తలోమాటా సెప్పేవోరు, ఆ దేవుడు మంచోడు, ఈ తల్లి మంచిదని.
నానేటి ఎరుగుదును ఈ ఊర్ని? అందరికీ మొక్కీసినాను."

ముప్పై నాలుగేళ్ళు.
బొబ్బిలి నుంచి ఇక్కడికి ఎన్ని బళ్ళున్నాయో!

"మరి నా జుత్తే మొక్కచ్చు కదా?"
"నీకెక్కడుందే, జొరానికి రాలిపోయింది.
ఉన్నది నాకే."

జైబున్ కొడుకేమయ్యాడని అడగలేదు నేను.
తను చెప్పలేదు.

చందనం కింద అప్పన్న అసలు రూపం
ఏడాదికి ఒక్కనాడే కనిపిస్తుంది.
పిన్ని ఆ లెక్కకీ అందలేదు.

ఇప్పుడు సమస్య మధ్యాహ్నం.
పన్నెండు దాటితే గుడి తలుపులు మూస్తారు,
దేవుళ్ళు కునుకు తీస్తారు.
మళ్ళీ నాలుగు దాకా
గుండు చేయించుకున్న మనిషిని ఎక్కడ కూర్చోబెట్టను?
"ఏ సెట్టు నీడనో కూకుందుం" అంది.

ఖాళీ గడిలో రాశాను: కేజీహెచ్, పిల్లల వార్డు మెట్లు.
అంత బాగోలేదనిపించి రబ్బరుతో చెరిపాను.
కాగితం పల్చబడింది, అక్షరాలు పోలేదు.
సరే, దాని కిందే రాశాను:
పెరుగన్నం, రెండు డబ్బాలు. మామిడికాయ ముక్క.

జడ ముందుకి లాక్కుని చూసుకుంటే
నడుం దాకా వచ్చింది.
దాని సంగతి పిన్నికి ఇప్పుడు చెప్పను,
కొండ మీద, క్షురకుడి దగ్గర వరసలో నిలబడ్డాక చెప్తాను.
అప్పుడు తిట్టనీ.

అలారం నాలుగుంబావుకి.
హుండీలకి చిల్లర తీసి పెట్టాలి.